సోలార్ 3 కిలోవాట్లు పెట్టించాలా, 5 పెట్టించాలా? కాస్త చెప్పండి

చీమకుర్తి_శ్రీను:
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి. మాది చీమకుర్తి దగ్గర పల్లె, డాబా ఇల్లు, కింద మేము, పైన తమ్ముడు వాళ్లు, మీటరు మాత్రం ఒకటే. మే నెలలో 550 యూనిట్లు కాలి బిల్లు 4,700 దాటింది. చలికాలంలో అయితే 220 దగ్గర ఆగుతుంది. మొన్న సోలార్ అతను వచ్చి మిద్దె అంతా కొలిచి "5 కిలోవాట్లు వేయించండి సార్, ఇక జన్మలో బిల్లు చూడరు" అని వెళ్లాడు. సబ్సిడీ పోను 2 లక్షల పైనే అవుతుందట. ఇంట్లో ఏసీలు రెండు (ఒకటి 2012లో కొన్నది, ట్రాక్టర్ లాగా మోగుతుంది), ఫ్యాన్లు ఆరు, ఫ్రిజ్, ఒక హార్స్‌పవర్ బోరు మోటారు. ఇంకో చిక్కు ఏంటంటే నైరుతి మూల కొబ్బరి చెట్టు ఉంది, మధ్యాహ్నం మూడు దాటితే దాని నీడ డాబా మీదకి పాకుతుంది. కొట్టేద్దామంటే అమ్మ ఒప్పుకోదు, నాన్న వేసిన చెట్టు. 3 చాలా, 5 కావాలా?

వైజాగ్_వాసు:
3 చాలు బ్రో. సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాట్‌కి 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000. అక్కడితో ఆగిపోతుంది. ఆ పైన ఎన్ని వేసినా అదే 78,000. అంటే నాలుగోదీ ఐదోదీ పూర్తిగా నీ జేబులోంచే. ఈ ముక్క మాత్రం చెప్పి ఉండడు.

రిటైర్డ్_ఏఈ:
శ్రీను గారూ, నేను ముప్పై ఏళ్లకు పైగా స్తంభాల చుట్టూ తిరిగినవాణ్ణి, ప్యానెళ్ల సంగతికి తర్వాత వస్తాను, ముందు మీ ఫ్యాన్ల సంగతి చెప్పండి. అవి మామూలు ఫ్యాన్లేనా, బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారు రకం) వా? రెగ్యులేటర్ గోడకి తిప్పేదైతే మామూలువే అనుకుంటాను.

చీమకుర్తి_శ్రీను:
గోడకి తిప్పేవే సార్. ఒకటైతే నా పెళ్లప్పటిది.

రిటైర్డ్_ఏఈ:
అయితే కాగితం తీసుకోండి. మామూలు ఫ్యాను ఫుల్ స్పీడులో 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ 30. గాలి అంతే, కొన్నిటికి ఇంకాస్త ఎక్కువే. తేడా 45 వాట్లు. మీ ఆరింటిలో ఐదు రోజుకి 15 గంటలు తిరుగుతాయనుకుందాం, ఎండాకాలం తక్కువే చెప్తున్నాను. 5 ఇంటూ 15 ఇంటూ 45, దగ్గర దగ్గర 3.4 యూనిట్లు. నెలకి 100.

ఇప్పుడు అసలు సంగతి. మీ 550లో ఆ 100 ఎక్కడి నుంచి తగ్గుతాయి? కింది నుంచి కాదు, పై నుంచి. మన స్లాబుల్లో మొదటి 30 యూనిట్లు 1.90, ఆఖర్న 400 దాటినవి 9.75. మీరు ఆదా చేసిన 100 యూనిట్లు ఆ 9.75వి. అంటే మే నెలలో ఒక్క ఫ్యాన్ల మీదే 975 రూపాయలు. ఐదు ఫ్యాన్లకి 15,000 అవుతుంది. చలికాలం ఇంత మిగలదు నిజమే, స్లాబూ కిందికి దిగుతుంది, ఫ్యాన్లూ ఆగుతాయి. అయినా రెండు మూడేళ్లలో మొత్తం తిరిగొచ్చేస్తుంది.

ఆ ట్రాక్టర్ ఏసీ సంగతి కూడా అంతే. 2012 నాటి ఒకటిన్నర టన్ను అంటే ఇన్వర్టర్ రకం కాదు, కంప్రెసర్ ఆన్ అయితే 1,700 వాట్లు, ఆగితే సున్నా, మళ్లీ ఆన్. ఇన్వర్టర్ ఏసీ గది చల్లబడ్డాక నెమ్మదిస్తుంది కానీ ఆగి ఆగి తన్నదు. రాత్రి ఎనిమిది గంటలు వేస్తే పాతది 9 యూనిట్లు తాగితే కొత్త 5 స్టార్ 5 తాగుతుంది. నెలకి 120 యూనిట్లు. కొనేటప్పుడు మాత్రం స్టిక్కరు మీద సంవత్సరం చూసుకోండి. 2022 జులైలో ఏసీల స్టార్ లెక్క బిగించారు, అప్పటి ముందు 5 స్టార్‌కీ ఆ తర్వాత 5 స్టార్‌కీ చాలా తేడా.

550లోంచి 220 తీసేయండి. 330. మూడు కిలోవాట్ల ప్యానెళ్లు మన దగ్గర సగటున రోజుకి 12 యూనిట్లు ఇస్తాయి, నెలకి 360. మీ 5 కిలోవాట్ల ప్రశ్న అక్కడే పోయింది.

ఖమ్మం_స్వాతి:
ఏఈ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మేం తలకిందులుగా చేశాం, ముందు ప్యానెళ్లు వేయించి తర్వాత ఫ్యాన్లు మార్చాం. ఇప్పుడు యూనిట్లు మిగిలిపోయి డిస్కంకి (కరెంటు పంపిణీ సంస్థకి) వెళ్తున్నాయి, వాటికి వాళ్లిచ్చే రేటు మనం పై స్లాబులో కట్టే రేటు దరిదాపుల్లో కూడా ఉండదు.

ఇంకోటి చెప్పాలి. మాకు 3 కిలోవాట్లకి 1,95,000 అయింది, సబ్సిడీ 78,000 బ్యాంకులో పడింది. అంతా బాగుంది. పోయిన ఏప్రిల్లో మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. మా అత్తయ్య "పైన సోలార్ ఉందిగా, ఫ్యాను తిరగట్లేదేంటే" అంది. తిరగదు! లక్షలు పోసి పెట్టిన ప్యానెళ్ల మీద ఎండ దంచుతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు! అమ్మినవాడికి ఫోన్ చేస్తే "అది అంతే మేడం" అన్నాడు. ముందే చెప్పి ఉంటే ఏం పోయింది?

వైజాగ్_వాసు:
అది చాలామందికి తెలీదు. ఎందుకలా అంటే...

రిటైర్డ్_ఏఈ:
నేను చెప్తాను వాసూ, ఇది మా వాళ్ల ప్రాణాలతో పని. లైను ఆపి లైన్‌మన్ స్తంభం ఎక్కి ఉంటాడు. కింద వీధిలో పది ఇళ్ల సోలార్ అదే లైనులోకి కరెంటు తోస్తూ ఉంటే వాడి గతి ఏంటి? అందుకని గ్రిడ్ పోయిన మరుక్షణం సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) దానంతటది ఆగిపోవాలి. ఆగని ఇన్వర్టర్‌ని నెట్ మీటరుకి (లైనుకి ఇచ్చిన యూనిట్లనీ తీసుకున్నవాటినీ లెక్కగట్టేదానికి) కలపనే కూడదు. స్వాతి గారూ, కోపం వచ్చినా ఇది మాత్రం ఉండాల్సిందే. కరెంటు పోయినా వాడుకోవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరూ బ్యాటరీ కావాలి, అది ఇంటిని లైను నుంచి విడదీసి అప్పుడు నడుపుతుంది.

బాషా_బ్యాటరీస్_గుంటూరు:
బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి నేనూ వచ్చా :) ఇరవై ఏళ్ల షాపు మాది. శ్రీను అన్నా, నీ ఇంట్లో ఇన్వర్టర్‌కి ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీ ఉండే ఉంటుంది, 150 ఏహెచ్. 12 ఇంటూ 150, 1,800 వాట్ అవర్ అంటే 1.8 యూనిట్లు. కానీ అందులో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోద్ది. డిస్టిల్డ్ వాటర్ పోయడం మర్చిపోతే ఇంకా త్వరగా పోద్ది. ఐదు యూనిట్లు ఎక్కిస్తే నాలుగు తిరిగిస్తది, మిగతాది వేడి.

లిథియం (ఇళ్లకి వచ్చేది ఐరన్ ఫాస్ఫేట్ రకం, స్కూటర్లు తగలబడిన వీడియోలు చూసి భయపడేవాళ్లకి ఇది కాస్త నెమ్మది రకం అని చెప్తా) 80, 90 శాతం వరకు వాడొచ్చు, ఎక్కించినదాంట్లో ఇరవయ్యో వంతే పోద్ది, వేల సార్లు తిప్పొచ్చు. ధర ఎక్కువ. నా వ్యాపారం నేనే చెడగొట్టుకుంటున్నా కానీ నిజం చెప్పాలంటే నెట్ మీటరు ఉన్నన్నాళ్లు పల్లెలో కరెంటు రోజుకి గంట పోయేదానికి పెద్ద బ్యాటరీ దండగ. పాత ట్యూబులర్ చచ్చినప్పుడు చిన్న లిథియం వేసుకో, బీఎల్‌డీసీ ఫ్యాన్లు కూడా ఉంటే అదే బ్యాటరీ రెండింతల సేపు వస్తది.

నిజం_కావాలి:
అంతా సోలార్ భజన చేస్తున్నారు. ఒక ప్యానెల్ తయారు చేయడానికి పట్టే కరెంటు అది జన్మంతా ఇచ్చే కరెంటు కంటే ఎక్కువని వాట్సాప్‌లో ఒక సైంటిస్టు వివరంగా చెప్పాడు. పైగా పాతికేళ్ల తర్వాత ఆ చెత్త ఎక్కడ పోస్తారు?

వైజాగ్_వాసు:
సైంటిస్టు పేరు చెప్పు అన్నా. ఆ మాట నలభై, యాభై ఏళ్ల కిందట కొంచెం నిజమేమో, అప్పుడు సిలికాన్ పలకలు మందంగా ఉండేవి, కోతలో సగం పొట్టు కిందే పోయేది. ఇప్పుడు మనలాంటి ఎండ ఉన్నచోట తయారీకి పట్టిన కరెంటు సుమారు ఏడాదిలో ప్యానెల్ తిరిగిచ్చేస్తుంది. వారంటీ 25 ఏళ్లు. లెక్క నువ్వే చేసుకో.

చెత్త మాట మాత్రం సరైన ప్రశ్నే, దాన్ని కొట్టిపారేయను. 2022 ఈ-వేస్ట్ రూల్స్‌లో సోలార్ ప్యానెళ్లని కూడా చేర్చారు, తయారీదారులు పాతవాటిని 2034-35 దాకా భద్రపరచాలని ఉంది. కాగితం మీద ఉన్నది మన వీధి పాత సామాన్లవాడి దాకా ఎలా వస్తుందనేది చూడాలి.

నిజం_కావాలి:
పేరు గుర్తు లేదు. సరే ఏడాది అంటే ఏడాదే అనుకుందాం. రాత్రికి ఏం చేస్తారు? రాత్రి బొగ్గే కదా?

తోట_నరసింహ:
రాత్రి సంగతి నన్నడగండి. అనంతపురం జిల్లా, నాలుగెకరాల బత్తాయి, 5 హార్స్‌పవర్ మోటారు. మా నాయన కాలంలో త్రీఫేజ్ ఎప్పుడిస్తారో తెలీదు, రాత్రి ఒంటిగంటకి వస్తే టార్చిలైటు పట్టుకుని పోయి స్టార్టర్ వేసేది. పాములు, తడి చేతులు. మా ఊళ్లో అట్ల పోయినోళ్లు ఉన్నారు. ఇప్పుడు పగలే 9 గంటలు ఇస్తున్నారు. ఎవరి పుణ్యమో గానీ రాత్రి ఇంట్లో పడుకుంటున్నాం.

రిటైర్డ్_ఏఈ:
నరసింహ గారూ, ఆ పుణ్యంలో సోలార్‌కి వాటా ఉంది. కర్నూలు వైపు గని, శకునాల అనే ఊళ్ల దగ్గర 2017లో వెయ్యి మెగావాట్ల పార్కు వచ్చింది, ఆరువేల ఎకరాలకి కాస్త తక్కువ. మీ అనంతపురంలోనూ పెద్దవి వచ్చాయి. పగలు కరెంటు పొంగుతుంది, దాన్ని తాగే లోడు కావాలి. మోటార్ల కంటే మంచి లోడు ఏముంది? నీళ్లు పగలు తోడినా రాత్రి తోడినా చెట్టుకి ఒకటే. ఒకప్పుడు మేం మోటార్లని రాత్రికి నెట్టింది పగలు ఫ్యాక్టరీలకి చాలక. ఇప్పుడు లెక్క తిరగబడింది.

నిజం_కావాలి గారి ప్రశ్న మంచిదే. సూర్యుడు ఆరున్నరకి దిగిపోతాడు, ఏసీలు, టీవీలు, స్టవ్‌లు ఏడుకి మొదలవుతాయి. ఆ నాలుగైదు గంటలే ఇప్పుడు అసలు తలనొప్పి. దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గూ గ్యాసూ కానిది అయ్యిందని 2025లో ప్రకటించారు, నిజమే, కానీ సామర్థ్యం వేరు, తయారైన యూనిట్లు వేరు. యూనిట్లలో ఇంకా సుమారు 70 శాతం బొగ్గు నుంచే. థర్మల్ యూనిట్‌ని పగలు ఆపేసి సాయంత్రం స్విచ్ వేసినట్టు వేయలేం. బాయిలర్ చల్లబడితే మళ్లీ వేడెక్కడానికి గంటలు పడుతుంది, అందుకని పగలంతా 55 శాతం దగ్గర కాచుకుని కూర్చుంటుంది. బొగ్గులోనూ అన్నీ ఒకటి కాదు లెండి, కృష్ణపట్నంలోని 800 మెగావాట్ల సూపర్‌క్రిటికల్ (ఆవిరిని ఎక్కువ వేడి, ఒత్తిడిలో నడిపే) యూనిట్లు అదే యూనిట్ కరెంటుకి పాతవాటికంటే తక్కువ బొగ్గు కాలుస్తాయి.

మెల్‌బోర్న్_మురళి:
ఏఈ గారూ మీరు చెప్పేది మా దగ్గర పదేళ్లుగా చూస్తున్నాం. ఇక్కడ దాదాపు మూడిళ్లలో ఒక ఇంటి మీద సోలార్ ఉంది. నేను వచ్చిన కొత్తలో మా రాష్ట్రంలో గ్రిడ్‌కి ఇచ్చిన యూనిట్‌కి 60 సెంట్లు ఇచ్చే స్కీము పాతవాళ్లకి ఉండేది, నా పక్కింటి ముసలాయన దాంతో హాలిడేకి వెళ్లొచ్చేవాడు. ఇప్పుడు దాదాపు ఏమీ రాదు. మిట్టమధ్యాహ్నం అందరి ఇళ్లూ తోస్తుంటే హోల్‌సేల్ ధర సున్నా కిందికి కూడా పోతుంది, అంటే తీసుకున్నందుకు ఎదురు డబ్బులిస్తారు! అందుకే 2025 జులై నుంచి ఇక్కడి కేంద్ర ప్రభుత్వం ఇంటి బ్యాటరీకి ముప్పై శాతం దాకా తగ్గింపు ఇస్తోంది, మా తెలుగువాళ్ల గ్రూపులో ఇప్పుడు ఇళ్ల ధరల తర్వాత బ్యాటరీల మాటే. మనకీ నెట్ మీటరు ఇలాగే ఎప్పటికీ ఉంటుందనుకోకండి. ఉన్నప్పుడే పెట్టించుకోండి శ్రీను గారూ.

కడప_కుర్రాడు:
బ్యాటరీలు ఊరికి సరిపోతాయి, రాష్ట్రానికి ఎలా?

రిటైర్డ్_ఏఈ:
నీళ్లు. శ్రీశైలం ఎడమ గట్టున భూగర్భంలో 150 మెగావాట్లవి ఆరు యంత్రాలున్నాయి, అవి రెండు వైపులా తిరుగుతాయి. సాయంత్రం నీళ్లు కిందికి వదిలి కరెంటు తీస్తారు, మిగులు కరెంటు ఉన్నప్పుడు అదే యంత్రాన్ని వెనక్కి తిప్పి కింది నీళ్లని పైకి ఎక్కిస్తారు. నాలుగు యూనిట్లు పెడితే మూడు వస్తాయి. ఒక యూనిట్ పోయిందని ఏడవకండి, మధ్యాహ్నం ఎవరికీ అక్కర్లేని నాలుగు యూనిట్లకంటే రాత్రి ఎనిమిదింటికి మూడు విలువైనవి. కర్నూలు వైపు పిన్నాపురంలో 1,680 మెగావాట్లది ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ నది మీద ఆనకట్ట లేదు. గుట్ట మీద ఒక చెరువు, కింద ఒక చెరువు, అవే నీళ్లు పైకీ కిందికీ.

తోట_నరసింహ:
అంటే మా ఓవర్‌హెడ్ ట్యాంకు లెక్కే కదా సార్.

రిటైర్డ్_ఏఈ:
అదే! నలభై మాటల్లో నేను చెప్పింది మీరు ముక్కలో తేల్చారు.

కడప_కుర్రాడు:
నరసింహ అన్నా, కరెంటు ఫ్రీ కదా, మీ మోటారు స్టార్ రేటెడ్ ఆ?

తోట_నరసింహ:
కాదు తమ్ముడూ, రెండుసార్లు వైండింగ్ చేయించింది. చేయించిన ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ లాగుతుందని మెకానిక్కే చెప్తాడు. బిల్లు నాకు రానప్పుడు కొత్తది 40 వేలు పెట్టి ఎందుకు కొంటా? ఉన్న మాట చెప్తున్నా. డ్రిప్ మాత్రం పెట్టినా, అది నీళ్ల కోసం.

కడప_కుర్రాడు:
అందుకే మీటర్లు పెట్టాలి అనేది.

తోట_నరసింహ:
పెట్టేటోళ్లు వచ్చి మా పొలంలో ఒక మే నెల ఉండి చూడమను.

మోడరేటర్:
మీటర్ల గొడవకి వేరే చర్చ ఉంది, అక్కడ ఇప్పటికే 300 పోస్టులున్నాయి. ఇక్కడ శ్రీను గారి డాబా మీదే ఉందాం. ఆ తర్వాత వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాను.

చీమకుర్తి_శ్రీను:
థ్యాంక్స్ అండీ అందరికీ, ఇంత వస్తుందనుకోలేదు. ఫ్యాన్లు మార్చడానికి ఇంట్లో ఒప్పుకున్నారు. ఏసీ కూడా. 3 కిలోవాట్లే. ఇప్పుడు కొబ్బరి చెట్టు సంగతి? సాయంత్రం కొంచెం నీడే కదా, ఫర్వాలేదా? ఇంకా క్వారీల దుమ్ము మాకు జాస్తి, గ్రానైట్ లారీలు తిరుగుతూనే ఉంటాయి. టాప్‌కాన్ ప్యానెల్ తీసుకోమంటున్నాడు, అదేమన్నా తేడానా?

వైజాగ్_వాసు:
"కొంచెం నీడ" అనుకోకు. ప్యానెళ్లన్నీ ఒకే తీగలో వరసగా ఉంటాయి. నీళ్ల పైపు మీద ఒకచోట కాలు పెడితే చివర ధార సన్నబడినట్టు, ఒక ప్యానెల్ మీద నీడ పడితే వరస మొత్తం మీద దెబ్బ పడొచ్చు. ఇప్పటివాటిలో డయోడ్లు (నీడ పడ్డ భాగాన్ని పక్కకి తప్పించేవి), హాఫ్ కట్ సెల్స్ (సగానికి కోసినవి) ఉండటంతో పాతంత ఘోరంగా లేదు కానీ నష్టం నష్టమే. చెట్టు నైరుతిలో ఉంటే ఎదురు మూల ఈశాన్యానికి జరుపు, స్ట్రక్చర్ ఎనిమిది అడుగులు లేపు, ముఖం దక్షిణానికే ఉండాలి, వాలు 15 డిగ్రీలు చాలు. కింద బట్టలు ఆరేసుకోవచ్చు కూడా. ఆరు ప్యానెళ్లు, 300 చదరపు అడుగులు.

టాప్‌కాన్ అంటే కొత్త రకం సెల్, వేడికి కాస్త తట్టుకుంటుంది. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మే నెలలో మీ డాబా మీద సెల్ 65 దాకా పోతుంది. పాత పెర్క్ రకం డిగ్రీకి 0.35 శాతం పోగొట్టుకుంటే, నలభై డిగ్రీలకి 14 శాతం. టాప్‌కాన్‌లో 12. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ అనుకుంటాం గానీ వెలుతురు కావాలి, వేడి కాదు. తేడా రెండు శాతమే కాబట్టి ధర మరీ ఎక్కువ చెప్తే వదిలెయ్. సబ్సిడీ కావాలంటే మాత్రం ఏదైనా సరే సెల్‌తో సహా మన దేశంలో తయారైందే ఉండాలి, డీసీఆర్ అని రాసి ఇమ్మను.

ల్యాబుల్లో సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే ఇంకో పదార్థం పొర వేసి, ఎండని కరెంటుగా మార్చేది 34 శాతం దాటించారు, మన డాబాల మీదవి 22, 23. అది వచ్చేదాకా ఆగుదామని మా బావ 2019 నుంచి ఆగుతున్నాడు.

ఖమ్మం_స్వాతి:
దుమ్ముకి రెండు వారాలకోసారి కడగండి, తెల్లవారుజామున మాత్రమే. ఎండలో కాలిన అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగలొచ్చు. మీది ఉప్పు బోరు అయితే ఆ నీళ్లతో కడగొద్దు, తెల్లగా పొర కడుతుంది, అది దుమ్ము కంటే మొండిది. మాకు దుమ్ము లేదు గానీ కోతులున్నాయి. వైర్లు పైపులో వేయించకపోతే పీకేస్తాయి. నాకు తెలుసు ఎందుకంటే పీకాయి.

బాషా_బ్యాటరీస్_గుంటూరు:
ఎర్తింగ్ మర్చిపోవద్దు అన్నా. మూడు గుంటలు తీయాలి, ఒకటి తీసి మూడు అని బిల్లేస్తారు. పక్కన నిలబడి చూసుకో.

చీమకుర్తి_శ్రీను (తొమ్మిది నెలల తర్వాత):
మళ్లీ నేనే. చాలామంది అడిగారని రాస్తున్నా. ఈశాన్యంలోనే పెట్టించాం, ఎనిమిది అడుగుల ఎత్తులో. వాస్తు చెప్పే మామయ్య వచ్చి ఈశాన్యంలో ఈ బరువేంటిరా అని రెండు రోజులు భోజనం చేయలేదు, మార్చి బిల్లు చూపించాక కొంచెం మెత్తబడ్డాడు. మార్చిలో తయారైంది 390 యూనిట్లు, వాడింది 310. కట్టింది ఫిక్స్‌డ్ చార్జీలూ ఇంకేవో చిల్లరా. బాషా అన్న చెప్పినట్టు నిలబడ్డా, నిజంగానే ఒక్క గుంట తీసి సర్దబోయాడు. చెట్టు అలాగే ఉంది, సాయంత్రం నాలుగున్నరకి చివరి ప్యానెల్ అంచు దాకా వచ్చి ఆగుతుంది.

కడప_కుర్రాడు:
సూపర్ అన్నా. పాత ఫ్యాన్లు ఏం చేశారు? ఎక్స్‌ఛేంజ్ లో ఇచ్చారా?

చీమకుర్తి_శ్రీను:
లేదు, వందో రెండొందలో ఇస్తామన్నారని అమ్మ ఇవ్వనీయలేదు. రెండు గేదెల కొట్టంలో బిగించింది, ఒకటి పాల కేంద్రం దగ్గర పిల్లాడికి ఇచ్చింది. గేదెలకి దోమలు తగ్గాయంటోంది.

రిటైర్డ్_ఏఈ:
పొద్దంతానా?

చీమకుర్తి_శ్రీను:
రాత్రంతా కూడా సార్.